మార్గం యంత్రానిది, మజిలీ మనది

దారి తెలియడం వేరు, దారి తెలుసుకోవడం వేరు. మొదటిది సమాచారం, రెండవది విద్య. నేడు మన చేతిలోని ఫోను మొదటిదానిని అడిగిన క్షణంలో ఇస్తున్నది. ఎక్కడికి పోవాలో చెబితే చాలు, తెరమీద నీలపు గీత ఒకటి సాగుతుంది. కుడికి తిరగండి, ఎడమకు తిరగండి అని ఒక కంఠం వెంటవచ్చి చెబుతూ ఉంటుంది. మన తాతముత్తాతలు కలలోనైనా ఊహించని సౌకర్యమిది. దీనిని నిందించడం నా ఉద్దేశం కాదు. అయితే ఇచ్చిన గీతను అనుసరించడమే ప్రయాణమనుకొనే అలవాటు మన యువకులలో బలపడుతున్నది. ఆ గీతను మనమే గీసుకోవచ్చునని, అందుకు కావలసిన సాధనాలు కూడా ఉన్నవని చాలామందికి తెలియదు. తెలిసినవారు మోటారు సైకిళ్లపై దూరప్రయాణాలు చేసే కొద్దిమంది. వారి పద్ధతిలో మన ఉపాధ్యాయులూ విద్యార్థులూ గ్రహించదగిన విషయం ఒకటి ఉన్నదని చెప్పడమే ఈ వ్యాసానికి ప్రయోజనం.

సాహిత్యానికి కేటాయించిన పుటలో మోటారు సైకిలేమిటి, ఉపగ్రహాలేమిటి అని పెద్దలు అడగవచ్చు. కాని మార్గనిర్ణయం మన సాహిత్యానికి కొత్త వస్తువు కాదు. కాళిదాసు మేఘసందేశంలో పూర్వభాగం చాలామట్టుకు మార్గవర్ణనమే కదా! రామగిరి నుండి అలకాపురికి పోవలసిన మేఘానికి యక్షుడు కొండలూ నదులూ నగరాలూ వరుసగా చెబుతాడు. ఎక్కడ విశ్రమించాలో, ఎక్కడ నీరు త్రాగాలో, ఎక్కడ కురిసి బరువు దించుకోవాలో వివరిస్తాడు. ఉజ్జయిని ఆ మేఘానికి తిన్నని త్రోవలో లేదు, చుట్టు తిరిగిపోవాలి. ఐనా ఆ నగరాన్ని చూడకుండా దాటిపోవద్దని హెచ్చరిస్తాడు. సందేశం త్వరగా చేరాలని లోకంలో అందరికంటె ఎక్కువగా ఆరాటపడేవాడు అతడే; చుట్టుదారి చెప్పినవాడూ అతడే. దారి నిర్ణయించేవానికి గమ్యం ఒక్కటి తెలిస్తే చాలదు, ఏది చూడదగినదో తెలిసి ఉండాలని దీనివల్ల నాకు బోధపడుతున్నది.

తెలుగులో ఈ భావానికి ఒక చక్కని మాట ఉన్నది: మజిలీ. అరబ్బీ నుండి ఉర్దూ మీదుగా వచ్చిన ఈ మాట మన నోళ్లలో నలిగి పూర్తిగా మనదైపోయింది. మధిర సుబ్బన్న దీక్షితులవారి కాశీమజిలీ కథలలో మణిసిద్ధుడు కాశికి పోతూ వెంట ఒక గోపబాలకుణ్ణి తీసుకుపోతాడు. ప్రతి మజిలీలోనూ ఆ పిల్లవాడు ఊరిలో తిరిగి వచ్చి, చూసిన వింతను గురించి ప్రశ్నిస్తాడు. ఆ ప్రశ్నకు సమాధానమే కథ. మజిలీ లేకుంటే చూడడం లేదు, చూడడం లేకుంటే ప్రశ్న లేదు, ప్రశ్న లేకుంటే కథ లేదు. పన్నెండు భాగాల మహాగ్రంథానికి ఆధారం ఇంతే.

కథలు ఊహలైతే, ఏనుగుల వీరాస్వామయ్యగారి యాత్ర చరిత్ర. ఆయన మద్రాసు సుప్రీంకోర్టులో ద్విభాషిగా పనిచేసినవారు. 1830 మే నెలలో సపరివారంగా మద్రాసు విడిచి, హైదరాబాదు, నాగపురం మీదుగా కాశి చేరి, తూర్పుతీరం వెంట మరొక దారిన 1831 సెప్టెంబరులో తిరిగి ఇల్లు చేరారు. 1838లో అచ్చయిన కాశీయాత్ర చరిత్రలో ఆయన ఒక్కొక్క మజిలీని గురించి వ్రాసిపెట్టిన వివరాలు చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. దూరం ఎంత, దారి రాళ్లదా ఇసుకదా, నీటి వసతి ఎట్టిది, అంగళ్లు ఉన్నవా, దిగడానికి చోటున్నదా అన్నవి ఆయన చూపును తప్పించుకోలేదు. తన తరువాత వచ్చే యాత్రికుడు కష్టపడకూడదన్నదే దాని అంతరార్థం. నేడు మోటారు సైకిలు ప్రయాణికుడు బయలుదేరేముందు తయారుచేసుకొనే పట్టికలోనూ ఇవే అంశాలు ఉంటాయి: దూరం, రోడ్డు స్థితి, పెట్రోలు బంకు, పంచరు వేసే చోటు, రాత్రి బస. రెండు శతాబ్దాలలో వాహనం మారింది కాని, దారికి వేసే ప్రశ్నలు మారలేదు.

ఇక యంత్రం ఈ పని ఎట్లా చేస్తుందో కొంచెం తెలుసుకోవాలి. తెలియని వస్తువును పూజించడం, ద్వేషించడం రెండూ సులభమే. దారి చూపే యంత్రంలో మూడు విద్యలు కలిసి ఉన్నవి. నేను ఎక్కడ ఉన్నానన్నది మొదటిది; నేల ఎట్లా ఉన్నదన్నది రెండవది; ఏ త్రోవ మేలన్నది మూడవది.

మొదటిది ఉపగ్రహాల పని. జి.పి.ఎస్. అనే అమెరికా వ్యవస్థలో మొదటి ఉపగ్రహం 1978లో ఆకాశానికి ఎగిరింది. 1995 నాటికి వ్యవస్థ సంపూర్ణమయింది. భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున కనీసం 24 ఉపగ్రహాలు తిరుగుతూ ఉంటాయి. ఒక్కొక్కటి తన గడియారంలో సమయమెంతో చెబుతూ పోతుంది. ఆ సంకేతం మన ఫోనుకు చేరడానికి పట్టిన కాలాన్నిబట్టి దూరం లెక్కకు వస్తుంది. మూడు ఉపగ్రహాల దూరాలతో మన స్థానం తేలుతుంది. ఫోనులోని గడియారం తప్పును సరిదిద్దడానికి నాలుగవది కావాలి. సెకనులో పదిలక్షలవ వంతు పొరబడితే నేలమీద 300 మీటర్లు తప్పిపోతాం. సామాన్య ప్రజలకు అందే సంకేతాన్ని మొదట బుద్ధిపూర్వకంగా మసకబరిచేవారు. 2000 మే నెలలో ఆ ఆంక్ష తొలగిన తరువాతనే ఇది మన వీధులకు పనికివచ్చింది. మనదేశం కూడా 2013 నుండి సొంత ఉపగ్రహాలను పంపుతూ నావిక్ అనే వ్యవస్థను ఏర్పరచుకున్నది.

రెండవ విద్య భూమిని కొలవడం. దీనితో మా ప్రాంతానికి ఒక సంబంధం ఉన్నది. దక్షిణదేశం నుండి హిమాలయాల వరకు భూమిని త్రిభుజాలుగా విభజించి కొలిచిన మహాకార్యాన్ని విలియం లాంబ్టన్ 1802లో మద్రాసులో ఆరంభించాడు. త్రిభుజాల లెక్క సరిగా ఉన్నదా లేదా అని పరీక్షించడానికి అక్కడక్కడ చదునైన నేలమీద గొలుసుతో ఒక ఆధారరేఖను కొలవాలి. అట్టి రేఖలలో ఒకటి 1815లో కొలిచినది బీదరు దగ్గర. అంటే జహీరాబాదుకు పొరుగున. తరువాతి కాలంలో మహాపర్వతానికి ఎవరి పేరు పెట్టారో ఆ జార్జి ఎవరెస్టు 1818లో హైదరాబాదులోనే లాంబ్టన్ క్రింద కొలువులో చేరాడు. నేడు మన ఫోనులో మెరిసే పటానికి వెనుక ఆ రేగడి నేలలో ఎండలో గొలుసు పట్టుకొని నడిచిన పేరు తెలియని కూలీల శ్రమ ఉన్నది. బీదరు కోటను చూడడానికి పిల్లలను తీసుకుపోయే ఉపాధ్యాయులు మహమూద్ గవాన్ మదరసాతోపాటు ఈ సంగతి కూడా చెబితే బాగుంటుంది.

మూడవ విద్య గణితం. 1956లో ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా అనే డచ్చి యువకుడు ఆమ్‌స్టర్‌డాం నగరంలో ఒక కాఫీశాల ముందు కూర్చుని, కాగితం కలం లేకుండానే ఇరవై నిమిషాలలో ఒక ఉపాయం కనిపెట్టాడు. ఊళ్లను చుక్కలుగా, రోడ్లను గీతలుగా భావించి, ఒక్కొక్క గీతకు కొంత భారం కట్టి, మొత్తం భారం అతి తక్కువగా ఉండే దారిని తప్పకుండా కనుగొనే పద్ధతి అది. 1959లో దానిని ప్రకటించాడు. నేటి పటయంత్రాలన్నీ ఈ మూలసూత్రానికి మెరుగులు దిద్దుకున్నవే.

ఇక్కడ ఆగి ఒక ప్రశ్న వేసుకోవాలి. భారం అంటే ఏమిటి? దేనిని భారమనుకోమంటే యంత్రం దానిని భారమనుకుంటుంది. మైళ్లు భారమంటే దగ్గరిదారి చూపుతుంది. నిమిషాలు భారమంటే త్వరగా పోయే దారి చూపుతుంది. ఎండ, నీడ, చెరువుగట్టు, గుడి, బడి, అందం అన్నవి దాని లెక్కలో లేవు. యంత్రం అబద్ధం చెప్పదు. మనం అడగని ప్రశ్నకు సమాధానం మాత్రం చెప్పదు. మనం ఏమీ అడగకపోతే, మన తరఫున మరెవరో వేసిన ప్రశ్నకు సమాధానం చెబుతుంది. సామాన్యంగా ఆ ప్రశ్న ఒక్కటే: ఎంత త్వరగా?

మోటారు సైకిలు నడిపేవానికి ఈ ప్రశ్న చాలదు. వానికి ఇనుపగోడలు లేవు, పైకప్పు లేదు. కారుకు కుదుపుగా తోచే గుంట వానికి ప్రాణాపాయం. మలుపులో చల్లిన కంకర, మిట్టమధ్యాహ్నపు ఎండ, వాన వెలిసిన తరువాత చక్రాలకు అంటుకొనే రేగడి బురద, జాతీయ రహదారిమీద ప్రక్కగా దూసుకుపోయే లారీగాలి, అన్నీ లెక్కలోకి రావాలి. 2017 డిసెంబరులో గూగుల్ సంస్థ ద్విచక్రవాహనాలకు వేరుగా దారి చూపడం మొట్టమొదట మనదేశంలోనే ప్రారంభించింది. అది మంచిదే. కాని అందులోనూ తొందరకే పెద్దపీట. తొందర వద్దు, ప్రయాణం కావాలి అనుకొనేవారు ఇతర సాధనాలు వాడుతారు. జర్మనీలో పుట్టిన ఒక పటయంత్రానికి కుర్విగర్ అని పేరు. జర్మను భాషలో ఆ మాటకు ‘మరింత వంకరైనది’ అని అర్థం. అడిగినవారికి అది పనిగట్టుకొని వంకరదారులనే ఏరిపెడుతుంది. యక్షుడు వింటే సంతోషించేవాడు.

ఈ దారి కూర్పు ఎట్లా జరుగుతుందో మా ఊరినుండే ఒక ఉదాహరణ చెబుతాను. జహీరాబాదు పుణె నుండి బందరుకు పోయే 65వ నెంబరు జాతీయ రహదారిమీద ఉన్నది. ఒక యువకుడు ఇక్కడినుండి మెదకు చర్చిని చూడబోతున్నాడనుకుందాం. గమ్యం ఒక్కటే చెబితే యంత్రం తనకు తోచిన పెద్దరోడ్లను చూపి ఊరుకుంటుంది. అతడు ముందు పటాన్ని పెద్దది చేసి చూడాలి. ఈశాన్యంగా ఝరాసంగం ఉన్నది. అక్కడ కేతకీ సంగమేశ్వరస్వామి ఆలయం. శివపూజకు తగదని పురాణాలు దూరంగా ఉంచిన మొగలిపువ్వు ఇక్కడ స్వామి పేరులోనే చేరుకున్నది. ఆ వింత ఏమిటో అడగడానికి అది మొదటి మజిలీ. అక్కడినుండి రాయికోడు మీదుగా సింగూరు. మంజీర నదికి కట్టిన ఆనకట్ట అది. హైదరాబాదు నగరం త్రాగిన నీటిలో దాని పాలు ఎంతో ఉన్నది. తరువాత జోగిపేట, చివర 1924లో ప్రతిష్ఠ జరిగిన మెదకు చర్చి. ఈ ఊళ్లమీద వరుసగా గుర్తులు పెడితే, యంత్రం తన గీతను వంచి, ఆ గుర్తులన్నిటినీ కలుపుతూ దారి వేస్తుంది. ఎక్కడైనా మట్టిబాటలోకి దింపితే వ్రేలితో గీతను ప్రక్కకు లాగి సరిచేయవచ్చు. గమ్యం మారలేదు, దారిలో ఒక గుడి, ఒక నది, ఒక అంగడి, నాలుగు ప్రశ్నలు చేరినవి.

ఈ పనిలో ఒక మెలకువ ఉన్నది. కూర్చిన దారిని రెండు విధాలుగా భద్రపరచవచ్చు. గుర్తులను మాత్రమే దాచుకోవడం ఒకటి. దారి పొడుగునా చుక్కచుక్కనూ దాచుకోవడం మరొకటి. మొదటిదానిని ‘మార్గం’ అని, రెండవదానిని ‘జాడ’ అని తెలుగులో పిలుచుకోవచ్చు. మార్గాన్ని మరొక ఫోనులో తెరిస్తే, ఆ ఫోను గుర్తుల మధ్య దారిని మళ్లీ తానే లెక్క వేసుకుంటుంది. మనం మెచ్చిన దారి జారిపోయి పెద్దరోడ్డు తిరిగి వచ్చినా రావచ్చు. జాడ అట్లా మారదు. గీసినది గీసినట్లే ఉంటుంది. కాబట్టి తెలిసినవారు గుర్తులు దగ్గరదగ్గరగా పెడతారు, జాడను కూడా వేరుగా దాచుకుంటారు. సంకేతం అందని చోట్లకు పటాన్ని ముందే ఫోనులోకి దింపుకుంటారు. గుర్తుకు మాత్రం మనకు మజిలీ అన్న మాట ఉండనే ఉన్నది. కొత్త మాటలకోసం నిఘంటువుల వెంట పరుగెత్తకుండా ఇంట ఉన్న మాటలనే వాడుకుంటే శాస్త్రవిషయాలు మన పిల్లలకు పరాయివిగా తోచవు.

మజిలీలను బట్టి దారి నిర్ణయించడమన్నది యంత్రాలు తెచ్చిన కొత్త బుద్ధి కాదనడానికి మా మండలంలోనే నిదర్శనం ఉన్నది. పస్తాపూరు కేంద్రంగా పనిచేసే డెక్కన్ డెవలప్‌మెంటు సొసైటీ మహిళాసంఘాలవారు సంక్రాంతి మొదలుకొని పాత పంటల జాతర నడుపుతూ వచ్చారు. జొన్నలు, సజ్జలు, కొర్రలు, సామలు మొదలైన విత్తనాలను ఎడ్లబండ్లకు అలంకరించి, ఊరినుండి ఊరికి ఊరేగింపుగా తీసుకుపోతారు. ఆ బండ్ల దారిని నిర్ణయించేది దూరం కాదు. ఏ ఊరిలో ఏ పంట మాట చెప్పాలి, ఏ ఊరివారు ఎదురువస్తారు అన్నదే లెక్క. ఆ తల్లులలో పలువురు బడికి పోయినవారు కారు. ఐనా మార్గనిర్ణయం అన్న విద్యలో వారు పండితులని నేను నమ్ముతాను.

ఇక పటాలలోని లోపాల సంగతి. తెలుగు చెప్పుకొని బ్రతికేవాణ్ణి కనుక నాకు ముందుగా కనబడే లోపం ఊరిపేర్లది. మన ఊళ్ల పేర్లు పటంలోకి ఎక్కువగా ఇంగ్లీషు లిపిలోనే చేరినవి. ఆ లిపిలో తకారానికీ టకారానికీ భేదం లేదు, దకారానికీ డకారానికీ భేదం లేదు, హ్రస్వదీర్ఘాలు తెలియవు. అందువల్ల దారి చెప్పే కంఠం మెదకును మెడకుగా, బీదరును బిడారుగా పలికినా ఆశ్చర్యపడనక్కరలేదు. మొగుడంపల్లి దాని నోట ఎన్ని అవస్థలు పడగలదో పాఠకులే ఊహించుకోవచ్చు. నవ్వుకొని ఊరుకుందామంటే వీలులేదు. ఊరిపేరు ఆ ఊరి మొదటి చరిత్రగ్రంథం. చివర కుంట అని ఉంటే నీరు నిలిచిన చోటు. గుట్ట అని ఉంటే నేల ఎత్తయిన చోటు. తండా అని ఉంటే లంబాడీలు నివసించిన చోటు. పలుకు చెడితే అర్థం చెడుతుంది. అర్థం చెడితే ఒక తరం తరువాత చెప్పేవారు కూడా ఉండరు. మా కళాశాలకు చుట్టుప్రక్కల పల్లెలనుండి మోటారు సైకిళ్లపై వచ్చే విద్యార్థులను, మీ ఊరికీ కళాశాలకూ మధ్య ఉన్న ఊళ్లపేర్లు వరుసగా వ్రాయండి అని అడిగి చూశాను. రోజూ ఆ దారినే వచ్చేవారు సైతం సగంలో ఆగిపోయారు. తెలివితక్కువవారు కారు, ఆ పేర్లు తెలుసుకోవలసిన అవసరం వారికి ఎవరూ కలిగించలేదు.

ఈ లోపాన్ని దిద్దే అధికారం మనకు లేదేమో అని సందేహించవలసిన పని లేదు. 2004లో ఇంగ్లండులో స్టీవ్ కోస్ట్ ప్రారంభించిన ఓపెన్ స్ట్రీట్ మ్యాప్ అనే పటాన్ని ప్రజలే గీస్తారు, ప్రజలే దిద్దుతారు. ఒక ఊరికి తెలుగులో కూడా పేరు వ్రాసిపెట్టే వీలు అందులో ఉన్నది. 2008లో గూగుల్ సంస్థ, పటాలు సరిగా లేని దేశాల ప్రజలు తమ వీధులను తామే గీసుకొనేందుకు మ్యాప్ మేకర్ అనే ఏర్పాటు చేసింది. దానికి ఆద్యులలో ప్రముఖుడు లలితేశ్ కాట్రగడ్డ. ఆయన తెలుగువాడని ఇంటిపేరే చెబుతున్నది. 2017లో ఆ ఏర్పాటు మూతబడినా, పటం ప్రజలు గీయదగిన వస్తువే అన్న భావం నిలిచింది. 1767లో పుట్టిన సర్వే ఆఫ్ ఇండియా పటాలు చాలాకాలం సామాన్యునికి సులభంగా దొరికేవి కావు. 2021 ఫిబ్రవరిలో భారతప్రభుత్వం పటరచనపై ఉన్న ఆంక్షలను చాలావరకు సడలించింది. హైదరాబాదులోని జాతీయ దూరసంవేదన కేంద్రం నడిపే భువన్ పటాలు 2009 నుండి అందరికీ అందుబాటులో ఉన్నవి. తలుపులు తెరిచి ఉన్నవి. లోనికి పోవలసినది మనమే.

పేరు తప్పితే చరిత్ర పోతుంది. దారి తప్పితే ప్రాణమే పోతుంది. 2023 అక్టోబరులో కేరళలో, వానరాత్రి ఫోను చూపిన దారినే పోయిన కారు నదిలో పడి ఇద్దరు యువవైద్యులు మరణించారు. 2024 నవంబరులో ఉత్తరప్రదేశ్‌లో బరేలీ ప్రాంతంలో, కట్టడం పూర్తికాని వంతెన మీదినుండి కారు పడి ముగ్గురు మరణించారు. వారికీ దారి చూపినది పటయంత్రమే. వంతెనకు అడ్డంగా హెచ్చరిక పెట్టవలసిన మనుషుల బాధ్యత ఎక్కడికీ పోదు. కాని ఇంటివద్ద పగటివేళ పటాన్ని పరిశీలించి పెట్టుకున్నవానికి, చీకటిలో అపరిచితమైన గీతను నమ్మినవానికి చాలా భేదం ఉన్నది. 2022లో మనదేశంలో రోడ్డుప్రమాదాలలో 1,68,491 మంది మరణించారని కేంద్రప్రభుత్వం ప్రకటించింది. వారిలో నూటికి 44 మందికి పైగా ద్విచక్రవాహనాలపై పోయేవారే. వీరందరూ ఫోను చూస్తూ పడిపోయారని నేను అనడం లేదు. వేగం, శిరస్త్రాణం లేకపోవడం, మద్యం, రోడ్ల లోపాలు, ఎన్నో కారణాలు. కాని ఒక చేత్తో బండిని, ఒక చేత్తో ఫోనును పట్టుకొని పోయే కుర్రవాణ్ణి మనం రోజూ చూస్తున్నాం. దారిని ముందుగా కూర్చుకోవడంలో ఉన్న మొదటి లాభం ఇదే: చూడవలసినది మజిలీలో చూస్తాం, దారిలో రోడ్డునే చూస్తాం.

దీనిపై రెండు ఆక్షేపణలు రావచ్చు. దారి అడగడం మనుషులను కలిపే పని, యంత్రం వచ్చి ఆ పలకరింపును చంపింది అని కొందరు పెద్దలు అంటారు. అందులో నిజం లేకపోలేదు. రచ్చబండ దగ్గర ఆగి, ‘అయ్యా, న్యాల్‌కల్ పోయే తొవ్వ ఇదేనా?’ అని అడిగితే, దారితోపాటు మంచినీళ్లు కూడా దొరికే దేశం ఇది. కాని ఆ సౌఖ్యం అందరికీ సమానంగా ఉండేదా? ఒంటరిగా పోయే ఆడపిల్ల అపరిచితులను ఆపి దారి అడగడానికి ఎంత జంకుతుందో ఇంట్లో కూతుళ్లున్నవారికి తెలుసు. తన దారి తనకు తెలియడం ఆమెకు స్వాతంత్ర్యం. 2018లో హైదరాబాదునుండి జయభారతిగారి నాయకత్వంలో నలుగురు మహిళలు మోటారు సైకిళ్లపై బయలుదేరి, మయన్మారు, థాయిలాండు, లావోసు, కంబోడియా, వియత్నాం దేశాలు చుట్టి, సుమారు 17,000 కిలోమీటర్ల యాత్ర చేశారు. సరిహద్దు ద్వారాలు, అనుమతిపత్రాలు, బసలు, రోజుకు ఎంతదూరం అన్నది ముందుగా కూర్చుకోనిదే అట్టి యాత్ర సాగదు. వీరాస్వామయ్యగారికి నిజమైన వారసులు వారే అని నాకు తోస్తుంది.

రెండవ ఆక్షేపణ కుర్రవారిది. యంత్రానికి అంతా తెలిసినప్పుడు మేమెందుకు నేర్చుకోవాలి అంటారు. లెక్కల యంత్రం వచ్చినా ఎక్కాలు నేర్పుతున్నాం. నేర్చినవానికే యంత్రం తప్పు చెప్పినప్పుడు అనుమానం కలుగుతుంది. వాగుమీద వంతెన లేని చోట గీత సాగిపోతుంటే, ఆ వాగు పేరు తెలిసినవాడు ఆగుతాడు. తెలియనివాడు గీత వెంటనే పోతాడు.

కనుక ఉపాధ్యాయమిత్రులకు నా మనవి ఒకటే. మోటారు సైకిలు నడపడానికి పిల్లలు పద్దెనిమిదేళ్లు నిండేవరకు ఆగాలి. దారి కూర్చడానికి ఆగనక్కరలేదు. ఎనిమిదవ తరగతి పిల్లలకు వారి మండలంలోనే పది మజిలీల దారి ఒకటి కూర్చమని చెప్పండి. ప్రతి మజిలీకీ మూడు విషయాలు వ్రాయాలి: ఊరిపేరు ఆ ఊరివారు పలికినట్లుగా తెలుగులో, ఆ పేరు ఎట్లా వచ్చిందని అక్కడి పెద్దలు చెబుతారో, చూడదగినది ఏమున్నదో. చెరువు కావచ్చు, దర్గా కావచ్చు, శాసనం చెక్కిన బండ కావచ్చు, పాత విత్తనాలు దాచిన ఇల్లు కావచ్చు. అప్పుడు పిల్లవాడు ఫోనును వదలనూ వదలడు, పెద్దలను పలకరించకుండానూ ఉండడు. భూగోళం, చరిత్ర, తెలుగు, గణితం చెప్పే ఉపాధ్యాయులు నలుగురూ కలిసి చేయించదగిన పని ఇది. సరిచూసిన పేర్లను ప్రజల పటంలో చేరిస్తే, ఆ ఊరిమీదుగా పోయే ప్రతి ప్రయాణికుడూ ఆ పిల్లలకు ఋణపడి ఉంటాడు.

కళాశాల విద్యార్థులకు చెప్పవలసినది ఇంకా తక్కువ. సెలవులలో బండి ఎక్కేముందు ఒక సాయంకాలం పటం ముందు కూర్చోండి. యంత్రం చూపిన దారిని చూసి, అందులో లేనిదేమిటని మిమ్మల్ని మీరే అడగండి. మీ ఉజ్జయిని ఎక్కడ ఉన్నదో గుర్తుపెట్టి, గీతను అటు వంచండి. శిరస్త్రాణం ధరించి, ఫోనును జేబులో పెట్టి, పగటివేళ బయలుదేరండి. తిరిగివచ్చిన తరువాత వీరాస్వామయ్యగారివలె నాలుగు మాటలు వ్రాసిపెట్టండి: ఎక్కడ రోడ్డు తెగింది, ఎక్కడ నీరు తియ్యగా ఉన్నది, ఏ ఊరివారు ఏ కథ చెప్పారు. మీ వెనుక వచ్చేవారికి అదే పటం.